ఊరి కథను మూలగ్రంథం పక్కన పెట్టి చదవడం ఎలా?

మతగ్రంథంలోని కథ ప్రజల నోటికి వచ్చాక ఏ తీరుగా మారుతుందో, మారిన ఆ కథ మళ్లీ కావ్యంలోకి ఎట్లా చేరుతుందో స్వయంగా పరిశీలించాలనుకునే వారికి ఓరుగల్లు చుట్టుపక్కల ప్రాంతం ఎంతో అనువైనది. బసవపురాణం రాసిన పాల్కురికి సోమనాథుని పేరు మోస్తున్న పాలకుర్తి మండలంలోనే పోతన బమ్మెర ఉంది. ఐనవోలులో, కొమురవెల్లిలో ఒగ్గుకథ వినిపిస్తుంది, చేర్యాలలో నకాశీ చిత్రకారులు పురాణాలను బట్ట మీద గీస్తారు, మొహర్రం నెలలో ఊరూరా పీరీలు లేస్తాయి, డిసెంబరులో చర్చిల ముందు పిల్లలు యేసు పుట్టుక నాటకం ఆడతారు. ఇన్ని సంప్రదాయాలు ఒకే నేల మీద ఉన్నా, వాటిని మూలగ్రంథాలతో పోల్చి చదివే అలవాటు మనలో తక్కువ. పోల్చిన సందర్భాల్లో కూడా చాలామంది తేడా కనబడగానే జానపదుడు పొరబడ్డాడని తీర్పు చెప్పి ఊరుకుంటారు. ఆ తేడాలోనే కథ చెప్పే సమాజం తన మనసును దాచుకుంటుంది కాబట్టి, దాన్ని శ్రద్ధగా చదివే పద్ధతిని విద్యార్థుల కోసం, ఉపాధ్యాయుల కోసం, తమ ఊరి కథను రాసిపెట్టుకోవాలనుకునే వారి కోసం ఇక్కడ వివరిస్తున్నాను.

ఒక్క ఘట్టంతో మొదలుపెట్టండి

రామాయణం మొత్తాన్నో, భాగవతం మొత్తాన్నో ఒకేసారి పోల్చాలని కూర్చోకండి. ఒక్క ఘట్టం తీసుకోండి. తొలి అభ్యాసానికి గజేంద్రమోక్షం కంటే మంచిది నాకు కనబడదు, ఎందుకంటే రెండు పాఠాలూ సులభంగా దొరుకుతాయి, ఉత్తర తెలంగాణలో ఆ పద్యాలు నోటికి వచ్చిన పెద్దలు ఇప్పటికీ ఉన్నారు. సంస్కృత భాగవతం ఎనిమిదో స్కంధంలో, మూడో అధ్యాయం చివర విష్ణువు రాక ఉంటుంది. అక్కడ ఆయన గరుత్మంతుని మీద, చక్రాయుధం ధరించి, స్తుతిస్తున్న దేవతలతో కలిసి వస్తాడు. అంటే దేవుడు తన సంపూర్ణ వైభవంతోనే వస్తాడు. పదిహేనో శతాబ్దపు పోతన పద్యంలో అదే దేవుడు లక్ష్మికి చెప్పడు, శంఖచక్రాలు చేతికి తీసుకోడు, పరివారాన్ని పిలవడు, గరుడుణ్ణి సిద్ధం చేయడు, చెదిరిన జుట్టు సరిచేసుకోడు, ప్రణయకలహంలో చేతికి చిక్కిన భార్య పైటకొంగునైనా వదలకుండా పరుగెత్తుతాడు. మూలంలో ఉన్న ప్రతి అలంకారాన్నీ పోతన ఒక్కొక్కటిగా తీసి పక్కన పెట్టాడు. మూలంలో లేని ఆ కొంగును మాత్రం చేర్చాడు.

ఇప్పుడు ఒక తెల్లకాగితాన్ని నిలువుగా మూడు భాగాలు చేసి, మొదటి భాగంలో మూలం నుంచి నిలిచినవి, రెండో భాగంలో విడిచిపెట్టినవి, మూడో భాగంలో కొత్తగా చేరినవి రాయండి. గజేంద్రుని మొర, మొసలి పట్టు, దేవుని రాక, ప్రాణరక్షణ మొదటి భాగంలోకి వస్తాయి. గరుడవాహనంతో, ఆయుధాలతో కూడిన ఠీవి రెండో భాగంలోకి పోతుంది. లక్ష్మి, ఆమె కొంగు, దేవుని తొందర, వెనుకనే కదిలివచ్చిన వైకుంఠవాసుల కంగారు మూడో భాగంలో చేరతాయి. కథ ఎముకలన్నీ మొదటి భాగంలోనే ఉన్నా, ఊరివాళ్ల కంట నీరు తెప్పించేది మూడో భాగమే. పిలిస్తే ఇల్లు వదిలి పరుగెత్తుకొచ్చే పెద్దదిక్కుగా దేవుణ్ణి ఊహించుకున్న భక్తి సంప్రదాయం ఆ మూడో భాగంలోనే కనిపిస్తుంది. ఈ కాగితాన్ని ముందుకు పోయినకొద్దీ ప్రతి కథకూ వాడవలసి ఉంటుంది.

సరైన మూలాన్ని ఎంచుకోవడం

కథకుడు వినని గ్రంథంతో కథను పోల్చితే ఫలితం తప్పుగానే వస్తుంది. ఊళ్లో భాగవతం ఆడే చిందు కళాకారుడు వ్యాసుని శ్లోకాలు చదివి రాలేదు. ఆయన చెవిన పడ్డవి పోతన పద్యాలు, యక్షగాన ప్రతులు, భజనమండలి పాటలు, కొంతకాలంగా సినిమాలు కూడా. కనుక ముందు దగ్గరి మూలాన్ని వెదికి, ఆ తరువాతనే దూరపు మూలానికి పోవాలి. లక్ష్మణుడు గుడిసె ముందు గీత గీయడం వాల్మీకి అరణ్యకాండలో లేదు, ఊర్మిళ పద్నాలుగేళ్లు నిద్రపోవడమూ లేదు. అయినా మన ఆడవాళ్ల పాటల్లో ఊర్మిళ నిద్రకు పెద్ద చోటే ఉంది. ఆ పాట పాడే అవ్వను వాల్మీకితో నిలదీయడం వల్ల మనకు తెలిసేదేమీ లేదు. ఆమె ఎవరి దగ్గర నేర్చిందో, ఏ పని చేస్తూ పాడుతుందో అడిగితే కథ వచ్చిన దారి తెలుస్తుంది.

పేరును చూసి మూలాన్ని నిర్ణయించడం మరింత ప్రమాదకరం. పద్మశాలీలకు కూనపులివారు పటం కట్టి చెప్పే కథను మార్కండేయ పురాణం అంటారు. సంస్కృతంలో అదే పేరున్న మహాపురాణం ఉంది, దేవీమాహాత్మ్యం అందులోనిదే. దాన్ని తిక్కన శిష్యుడైన మారన తెలుగు చేసి, కాకతీయ ప్రతాపరుద్రుని సేనాని నాగయ గన్నయకు అంకితమిచ్చాడు, కాబట్టి ఆ తెలుగు పురాణానికీ ఓరుగల్లుకూ సంబంధం ఉంది. అయినా కూనపులివారి కథకు అది మూలం కాదు. వారి కథలో మార్కండేయుడు చేసిన యజ్ఞం నుంచి భావనారుషి పుడతాడు, తామరతూడు నారతో దేవతలకు తొలి బట్ట నేస్తాడు, సూర్యుని కూతురు భద్రావతిని పెళ్లాడతాడు. శివుడు యముని పాశం నుంచి కాపాడిన పదహారేళ్ల బాలుడు అనేక పురాణాలకు ఉమ్మడి ఆస్తి. ఆ బాలుడు ఒక వృత్తికులానికి మూలపురుషుడు కావడం మాత్రం కులపురాణం చేసిన పని.

పటం ముందు కూర్చున్నప్పుడు

అవకాశం దొరికితే పుస్తకాన్ని కొంతకాలం పక్కన పెట్టి పటం కథ చూడండి. చేర్యాల నకాశీ పటం సుమారు మూడడుగుల వెడల్పుతో, పాతకాలపుదైతే ముప్పై నలబై అడుగుల దాకా పొడవుతో ఉంటుంది. బట్టకు చింతగింజల అంబలి, సుద్దమట్టి, జిగురు కలిపి పట్టించి, ఆరిన తరువాత ఎర్రని నేల మీద బొమ్మలు వేస్తారు. కథకుడు దాన్ని కర్రలకు వేలాడదీసి, ఒక్కో అడ్డపట్టీని విప్పుతూ, పుల్లతో బొమ్మను తాకుతూ కథ నడిపిస్తాడు. మొదట గణపతి, ఆ తరువాత సరస్వతి, త్రిమూర్తులు వస్తారు. గ్రంథం ప్రభావం కథావస్తువులో కంటే ముందు ఈ వరుసలోనే కనిపిస్తుందన్నది గమనించండి. దేవతాస్తుతితో మొదలుకావడం, ఒకరు అడగగా మరొకరు చెప్పడం, చివర కథ విన్నవారికి కలిగే ఫలం చెప్పడం పురాణాల నడక. శౌనకాది మునులు అడిగితే సూతుడు చెప్పినట్టే, ఒగ్గుకథలో ప్రధాన కథకుణ్ణి పక్కనున్నవాడు అడుగుతూ, ఊకొడుతూ కథను ముందుకు నడుపుతాడు. బతుకమ్మ పాటల్లో ధర్మాంగదుడనే చోళరాజు, ఆయన భార్య సత్యవతి నూరుగురు కొడుకులను పోగొట్టుకొని తపస్సు చేస్తే లక్ష్మి వారి కడుపున పుట్టిందని చెప్పే పాట ఉంది. ఆ కథను ఏ మహాపురాణంలోనో వెదకడం కంటే, అది వ్రతకథల అచ్చులో ఎట్లా ఒదిగిందో చూడడం ఎక్కువ ఉపయోగకరం. కాబట్టి మీ కాగితం మీద మూడు భాగాల కింద రూపం అని మరో వరుస గీసుకొని ఇవన్నీ అక్కడ రాయండి.

కథను రికార్డు చేసేటప్పుడు నచ్చిన ముక్కలను మాత్రమే పట్టుకోవద్దు, మొదటి దరువు నుంచి మంగళం దాకా మొత్తం తీసుకోవాలి. అంతకు ముందు కథకుని అనుమతి, ఆయన ఎవరి ఇంటి ముందు చెబుతున్నాడో ఆ కులపెద్దల అనుమతి రెండూ అడగాలి, ఎందుకంటే ఈ కథలు చాలావరకు మిరాశీ హక్కుగా, అంటే తరతరాల వారసత్వంగా వచ్చినవి. కాకిపడగలవారు ముదిరాజులకు పాండవుల కథ చెబుతారు, గౌడజెట్టీలు గౌడులకు, దక్కలివారు మాదిగలకు చెబుతారు, వారికిచ్చే ప్రతిఫలాన్ని త్యాగం అంటారు. కథకుడు తన దాతల కులానికి చెప్పే మాటలను బయటివాళ్లు ఎక్కడ పడితే అక్కడ ప్రచురించడం వల్ల ఆయన హక్కుకూ, కొన్నిచోట్ల గౌరవానికీ దెబ్బ తగులుతుంది. రాసేటప్పుడు ఆయన పలికినట్టే రాయండి. వచ్చిండు అన్నదాన్ని వచ్చాడు అని దిద్దితే కథకుని భాష మనకు మిగలదు.

కథ ముగిసిన తరువాత కథకుణ్ణి తీరికగా అడగవలసినవి కొన్ని ఉన్నాయి. ఈ కథ ఎవరి దగ్గర నేర్చుకున్నారు? ఏ సందర్భంలో చెబుతారు, ఎప్పుడు చెప్పకూడదు? చెప్పే చోటును బట్టి ఏ భాగాన్ని పెంచుతారు, దేన్ని తగ్గిస్తారు? ఈ చివరి ప్రశ్నకు వచ్చే జవాబు నా అనుభవంలో అన్నిటికంటే విలువైనది, ఎందుకంటే మార్పు తెలియక జరిగిందా, తెలిసి చేసిందా అన్నది అక్కడ తేలుతుంది.

ఈ మార్పు ఎవరికి కావలసివచ్చింది?

మూడో భాగంలో రాసుకున్న ప్రతి అంశం పక్కన ఈ ప్రశ్న వేసుకోవాలి. భాగవతం దశమస్కంధంలో జాంబవంతుడు భల్లూకరాజు. శ్యమంతకమణి కోసం కృష్ణునితో ఇరవై ఎనిమిది రోజులు పోరాడి, చివరికి ఆయనను గుర్తించి, మణితో పాటు కూతురు జాంబవతిని అప్పగిస్తాడు. దక్కలివారు, చిందువారు చెప్పే జాంబపురాణంలో ఆయన భూమి పుట్టకముందే పుట్టిన ఆదిజాంబవుడు, దేవతలకు కూడా పెద్ద. ఎవరు గొప్ప అన్న విషయం మీద బ్రాహ్మణునితో ఎదురుగా నిలబడి వాదిస్తాడు. ఊరి చివరకు నెట్టబడిన సమాజం పురాణంలోని ఒక చిన్న పాత్రను అందుకొని, సృష్టి క్రమంలో తన ముందుతనాన్ని దాని మీద నిలబెట్టుకుంది. దీన్ని పురాణవక్రీకరణ అనడం నాకు సమ్మతం కాదు. పురాణం అందరిదీ అని నమ్మి, అందులో తన చోటును తానే రాసుకున్న పని ఇది.

రాజాస్థానాలు కూడా ఇదే పని చేశాయని తెలిస్తే ఈ మాట మరింత స్పష్టమవుతుంది. వేములవాడ చాళుక్యుల కొలువులో పంపకవి 941లో జైన సంప్రదాయాన్ని అనుసరించి కన్నడంలో ఆదిపురాణం రాశాడు. ఆయనే విక్రమార్జున విజయం అనే మరో కావ్యంలో భారతకథను తీసుకొని తన ప్రభువు అరికేసరిని అర్జునునితో ఒకటి చేశాడు, ద్రౌపదిని అర్జునుని ఒక్కని భార్యగానే చెప్పాడు. రాజును పొగడడానికి కవి ఇతిహాసాన్ని మార్చితే కావ్యమని మెచ్చుకుంటూ, తన కులగౌరవం కోసం కథకుడు మార్చితే తప్పనడం ఏ కొలతకూ నిలబడదు.

ఇతర మతాల కథలకూ ఇదే పద్ధతి

యూసుఫ్ కథ ఇందుకు మంచి పాఠం. బైబిల్ ఆదికాండంలో 37వ అధ్యాయం నుంచి వచ్చే యోసేపు కథే ఖురాన్ 12వ అధ్యాయమైన యూసుఫ్ సూరాలో 111 వాక్యాల్లో వస్తుంది. యజమాని భార్య అతణ్ణి కోరుకోవడం రెండింటిలోనూ ఉంది, ఆమె పేరు మాత్రం రెండింటిలోనూ లేదు. ఊరి ఆడవాళ్లు తనను ఎగతాళి చేస్తున్నారని తెలిసి, ఆమె వాళ్లను విందుకు పిలిచి చేతికి కత్తులిస్తుంది. యూసుఫ్ ఎదుటికి రాగానే వాళ్లు అతని అందానికి నివ్వెరపోయి చేతులు కోసుకుంటారు. ఈ దృశ్యం ఖురాన్‌లో ఉంది, ఆదికాండంలో లేదు, యూదుల వ్యాఖ్యాన కథల్లో మళ్లీ ఉంది. అంటే రెండు గ్రంథాలను మాత్రమే పక్కపక్కన పెడితే సరిపోదు, వాటి చుట్టూ పెరిగిన మౌఖిక కథలను కూడా మూడోదిగా పెట్టుకోవాలి. ఆ స్త్రీకి జులేఖా అనే పేరు తరువాతి సంప్రదాయం ఇచ్చింది. 1483లో జామీ పారశీకంలో రాసిన కావ్యంలో ఆమె ప్రేమ భగవంతుని కోసం తపించే ఆత్మ ప్రయాణంగా మారింది. గ్రంథంలో నింద మోసిన స్త్రీ కావ్యంలో సాధకురాలు అయింది.

క్రిస్మస్ నాటకాన్ని ఇదే కాగితం మీద పెట్టి చూడండి. మత్తయి సువార్త రెండో అధ్యాయంలో తూర్పు దేశపు జ్ఞానులు బంగారం, సాంబ్రాణి, బోళం తెచ్చారని ఉంది కాని, వారు ముగ్గురని లేదు, రాజులని లేదు, పేర్లు అసలే లేవు. కానుకలు మూడు కాబట్టి మనుషులూ ముగ్గురయ్యారు, తరువాతి కాలం వారికి కిరీటాలు పెట్టింది. మన ఊరి నాటకంలో అట్టముక్కల కిరీటాలు పెట్టుకొని వచ్చే ముగ్గురు పిల్లల వెనుక అనేక దేశాల జానపద కల్పన ఉన్నదన్నమాట. థాయిలాండ్ రామాయణమైన రామకియెన్‌లో హనుమంతుడు వారధి రాళ్లను మాయం చేస్తున్న రావణుని కూతురు, మత్స్యకన్య సువణ్ణమచ్ఛను ప్రేమించడం కూడా ఇటువంటిదే. సముద్రతీరపు దేశం ఆ ఘట్టంలో సముద్రాన్ని నింపుకుంది.

మొహర్రం పాటల విషయంలో ఒక జాగ్రత్త అవసరం. కర్బలా యుద్ధం హిజ్రీ 61లో, అంటే 680లో జరిగింది. కనుక అది ఖురాన్‌లోని కథ కాదు, ఇస్లాం చరిత్రలోని ఘటన. గ్రంథం, చరిత్ర, వాటి చుట్టూ పుట్టిన భక్తిసాహిత్యం అన్న మూడింటిని విడివిడిగా గుర్తించి రాయాలి. హసన్ కర్బలాకు సుమారు పదేళ్ల ముందే మరణించినా, మన పీరీల పాటల్లో హసన్ హుస్సేన్లు జంటగానే యుద్ధానికి పోతారు. రామలక్ష్మణుల కథ తరతరాలుగా విన్న ఊరికి అన్నదమ్ములు విడిపోయి ఉండడం మింగుడు పడలేదని నేను అనుకుంటాను. నిప్పుల గుండం చుట్టూ ఆ పాటలు పాడేవారిలో హిందువులే ఎక్కువగా ఉన్న ఊళ్లు తెలంగాణలో కొల్లలు కాబట్టి ఈ ఊహకు ఆధారం లేకపోలేదు.

ఎదురు నడకను మరిచిపోవద్దు

ఇప్పటిదాకా గ్రంథం నుంచి ఊరికి వచ్చిన దారి చూశాము. ఊరి నుంచి గ్రంథానికి పోయిన దారి కూడా ఉంది, దానికి మన దగ్గర పాల్కురికి కంటే పెద్ద సాక్షి లేడు. ఆయన పండితారాధ్య చరిత్రలో తుమ్మెదపదాలు, వెన్నెలపదాలు, గొబ్బిపదాలు, నివాళిపదాలు వంటి ప్రజల పాటల పేర్లు చెప్పాడు. బసవపురాణాన్ని అందరికీ అందే ద్విపదలో రాసి, భక్తుల నోళ్లలో నానుతున్న కథలను అందులో చేర్చాడు. వాటిలో బెజ్జమహాదేవి కథను నేను ప్రత్యేకంగా చదవమంటాను. శివునికి తల్లి లేదని ఆమెకు దుఃఖం. తల్లి ఉంటే విషం తాగనిస్తుందా, పాములు మెడకు చుట్టుకోనిస్తుందా, బిచ్చమెత్తనిస్తుందా అని బాధపడి, తానే తల్లియై ఆ లింగానికి నీళ్లుపోసి, పాలుపట్టి పెంచుతుంది. పురాణాలు శివుని మహిమలుగా చెప్పిన ప్రతిదాన్నీ ఈ తల్లి బిడ్డ పడ్డ కష్టంగా చదివింది. ఈ ఆలోచన పండితుల వ్యాఖ్యానంలో కంటే ఇంటి వాకిట్లో పుట్టిందనడమే నాకు సహజంగా తోస్తుంది. అదే బసవపురాణాన్ని 1369లో భీమకవి కన్నడంలోకి తీసుకుపోయాడు, వీరశైవులకు అది పవిత్రగ్రంథమైంది.

అన్ని కథలకూ మూలగ్రంథం ఉండి తీరాలన్న పట్టుదల కూడా మంచిది కాదు. మేడారం సమ్మక్క కథ కోయల మౌఖిక సంప్రదాయంలోనిది. పులుల నడుమ దొరికిన పాప, కాకతీయులతో కప్పం తగాదా, సంపెంగవాగులో కొడుకు జంపన్న మరణం, చిలుకలగుట్ట మీద కుంకుమభరిణె ఏ పురాణం నుంచీ రాలేదు. ఇటీవల ఆమెను ఆదిశక్తి అవతారంగా చెప్పే కథనాలు వినిపిస్తున్నాయి. వాటిని కూడా నమోదు చేయండి, అయితే మూలంగా కాక, ఇప్పుడు జరుగుతున్న పురాణీకరణగా రాయండి. కోయల కథకులైన డోలీలు బొమ్మల జెండాలైన పడిగెలు పరిచి చెప్పే కథకు ముందు చోటు ఇవ్వాలి.

రాసిన దాన్ని భద్రపరచడం

చివరి ప్రతిలో కథకుని పాఠం ఒక భాగంగా, పోలిక కాగితం రెండో భాగంగా, మీ అభిప్రాయం మూడో భాగంగా ఉండాలి, ఒకదానిలోకి మరొకటి జారకూడదు. కథ చెప్పిన ఊరు, సందర్భం, తేదీ, ఎవరి కోసం చెప్పారన్న వివరం పైన రాయండి. కథకుని పేరు వేయడం, వేయకపోవడం ఆయన ఇష్టానికి వదలండి. పోలికకు వాడిన గ్రంథం ఏ ప్రతియో తప్పకుండా చెప్పండి, ఎందుకంటే ఒకే పురాణానికి ప్రతిని బట్టి అధ్యాయాల సంఖ్యలు మారతాయి. పాత ముద్రణల కోసం హనుమకొండలో 1904లో స్థాపించిన శ్రీ రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయాన్ని, జానపద పరిశోధనల కోసం వరంగల్‌లోని తెలుగు విశ్వవిద్యాలయపు జానపద గిరిజన విజ్ఞానపీఠాన్ని, కాకతీయ విశ్వవిద్యాలయం తెలుగు శాఖను సంప్రదించవచ్చు. రికార్డు చేసిన ధ్వనిముద్రణ ప్రతి ఒకటి కథకుని ఇంటికి అందజేయండి, ఆయన పిల్లలు వింటుండగా ఒకసారి మొత్తం వినిపించి, మీరు తప్పుగా విన్న మాటలను ఆయన చేతనే దిద్దించుకున్న తరువాతనే ప్రచురణకు పంపండి.